అమ్మకానికి వచ్చిన బ్యూక్ రివియెరా: 1963–65 నాటి కూపేను పరీక్షించి కొనే పద్ధతి

పాత అమెరికన్ లగ్జరీ కూపేను, అంటే రెండు తలుపుల విలాస కారును, కొనదలచినవారు సాధారణంగా బానెట్ ఎత్తి ఇంజన్ చూడడంతో పరీక్ష మొదలుపెడతారు. అమ్మేవారు కూడా ఇంజన్ ఎంత మృదువుగా నడుస్తుందో చెప్పడంతోనే ప్రకటన మొదలుపెడతారు. బ్యూక్ రివియెరా మొదటి తరం కారు విషయంలో మాత్రం ఈ వరుసను తిరగవేయాలని నా అభిప్రాయం. ఈ కారు ఇంజన్‌ను, గేర్‌బాక్సును బాగుచేయగలవారు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు, ఖర్చు కూడా ముందుగా అంచనా వేయదగినదే. తుప్పు పట్టిన రేకునూ, గుంటలు పడిన క్రోమ్ భాగాలనూ బాగుచేయించడానికి అయ్యే ఖర్చు మాత్రం ఒక్కొక్కసారి కారు ధరనే మించిపోతుంది. కాబట్టి ఈ మార్గదర్శి కారు కిందినుంచి పైకి, రేకునుంచి ఇంజన్‌కు సాగుతుంది.

ముందుగా ఈ కారు పుట్టుక గురించి కొంత తెలిసి ఉండాలి. నాలుగు సీట్ల ఫోర్డ్ థండర్‌బర్డ్ 1958 నుంచి ఒక కొత్త విపణిని సృష్టించగా, జనరల్ మోటార్స్ వద్ద దానికి జవాబు లేకపోయింది. ఆ సంస్థ డిజైన్ విభాగాధిపతి బిల్ మిచెల్ ఆధ్వర్యంలో, నెడ్ నికెల్స్ గీసిన చిత్రాల ఆధారంగా ఒక కూపే నమూనా రూపుదిద్దుకుంది. దీనిని మొదట లాసాల్ అన్న పాత పేరుతో కాడిలాక్ విభాగం ద్వారా తీసుకురావాలని తలపోశారు. అప్పటికే తన కార్లన్నీ బాగా అమ్ముడుపోతున్న కాడిలాక్ దానిమీద ఆసక్తి చూపలేదు. అమ్మకాలు తగ్గి ఇబ్బందిపడుతున్న బ్యూక్, మిగిలిన విభాగాలతో పోటీపడి దానిని దక్కించుకుంది. 1962 అక్టోబరులో, 1963 మోడలుగా, 4,333 డాలర్ల మూలధరతో కారు బయటికి వచ్చింది. ఆ ఏడాది కావాలనే 40,000 కార్లకు ఉత్పత్తిని పరిమితం చేశారు. 1964లో 37,658, 1965లో 34,586 తయారయ్యాయి. ఈ లెక్కలు కొనేవారికి చెప్పే సంగతి ఒకటుంది. లక్షకు పైగా తయారైన ఈ కారు మరీ అరుదైనది కాదు కనుక, ఎదురుగా ఉన్నది చేజారితే మరొకటి దొరకదేమోనన్న ఆత్రంతో బయానా ఇవ్వవలసిన అవసరం లేదు.

మొదటి అడుగు: ఏ సంవత్సరపు కారు కావాలో నిర్ణయించుకోవడం

మూడేళ్ల కార్లూ దూరంనుంచి ఒకేలా కనిపించినా నడకలో తేడా ఉంది. 1963 కారులో 401 ఘనపు అంగుళాల, అంటే సుమారు 6.6 లీటర్ల, 325 హార్స్‌పవర్ ఇంజన్ ప్రామాణికంగా వచ్చేది. 425 ఘనపు అంగుళాల 340 హార్స్‌పవర్ ఇంజన్‌ను అదనపు ధరకు ఇచ్చేవారు. దీని గేర్‌బాక్సు బ్యూక్ వారి పాత డైనాఫ్లో వంశానికి చెందిన టర్బైన్ డ్రైవ్. డ్రైవ్‌లో పెట్టి నడిపితే గేరు మారడమన్నదే ఉండదు. ఇంజన్ చప్పుడు ముందు పెరుగుతుంది, వేగం దాని వెనుక నింపాదిగా వస్తుంది. అలవాటు లేనివారు దీనిని గేర్‌బాక్సు జారుతున్నట్టుగా భావించి మంచి కారును వదులుకోవడమూ, నిజంగా జారుతున్న గేర్‌బాక్సును ‘డైనాఫ్లో అంటే ఇంతే’ అన్న అమ్మకందారు మాట నమ్మి కొనడమూ రెండూ జరుగుతాయి.

1964లో 425 ఇంజనే ప్రామాణికమైంది, గేర్‌బాక్సు స్థానంలో మూడు గేర్ల సూపర్ టర్బైన్ 400 వచ్చింది. జనరల్ మోటార్స్ తన పెద్ద కార్లలో ఏళ్ల తరబడి వాడిన టర్బో హైడ్రామాటిక్ 400 కుటుంబానికి చెందినది కనుక దానిని బాగుచేయగలవారు సులభంగా దొరుకుతారు. 1965లో హెడ్‌లైట్లను ముందరి మడ్‌గార్డుల అంచుల్లో, ఒకదానిపై ఒకటిగా అమర్చి, వాటిమీద ఆల్చిప్పలా తెరుచుకునే జాలి తలుపులు పెట్టారు. వెనుక లైట్లు బంపర్‌లోకి దిగాయి, వెనుక చక్రాల ముందున్న ఉత్తుత్తి గాలి రంధ్రాలు పోయాయి. ఆ ఏడాది మళ్లీ 401 ఇంజన్ ప్రామాణికమైంది. గ్రాన్ స్పోర్ట్ అన్న ప్రత్యేక రకంలో రెండు కార్బురేటర్లతో 360 హార్స్‌పవర్ ఇచ్చే 425 ఇంజనూ, 3.42 నిష్పత్తి గల వెనుక యాక్సిలూ ఉండేవి. చూపు కోసమైతే 1965 కారును మించినది లేదు. తరచుగా బయటికి తీసుకెళ్లి నడుపుకోవాలనుకునేవారికి మాత్రం నేను 1964 కారునే సూచిస్తాను, ఎందుకంటే దానిలో మంచి గేర్‌బాక్సు ఉంది, మొరాయించే లైటు తలుపులు లేవు.

ఈ దశలోనే ఇంట్లోని గరాజు కొలత కూడా తీసుకోవాలి. కారు పొడవు 208 అంగుళాలు, అంటే పదిహేడు అడుగుల నాలుగు అంగుళాలు. ఉన్నవి రెండే తలుపులు కనుక అవి చాలా పొడవైనవి, పూర్తిగా తెరవడానికి పక్కన చాలా జాగా కావాలి.

రెండవ అడుగు: ప్రకటనను చదవడం, వెళ్లకముందే అడగడం

పాత కార్ల ప్రకటనలకు ఒక ప్రత్యేక భాష ఉంది. ‘రన్స్ అండ్ డ్రైవ్స్’ అన్న మాటకు కారు కదులుతుందని మాత్రమే అర్థం, బ్రేకులు పడతాయని కాదు. ‘బార్న్ ఫైండ్’ అంటే చాలా ఏళ్లు కదలకుండా పడి ఉన్నదని అర్థం చేసుకోవాలి. అటువంటి కారులో పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, రబ్బరు సీళ్లు అన్నీ మార్చవలసినవేనని ముందే లెక్క వేసుకోవాలి. ‘రెస్టోర్డ్’ అన్నవారిని ఎప్పుడు చేయించారో, బిల్లులు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు ఉన్నాయో లేదో అడగాలి. రంగు వేయకముందు బయటపడిన రేకు ఫొటోలు చూపగలిగిన అమ్మకందారు మాటకు విలువ ఎక్కువ.

ఫోనులో తప్పక అడగవలసినవి మూడు. టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, అమ్మేవారి పేరుమీదనే ఉన్నదా, దానిమీద బాకీ ఏదైనా ఉన్నదా అన్నది మొదటిది. కారు ఎన్నేళ్లు మంచు ప్రాంతంలో తిరిగిందన్నది రెండవది. మిషిగన్, ఒహాయో వంటి రాష్ట్రాల్లో చలికాలంలో రోడ్లమీద చల్లే ఉప్పు రేకును లోపలినుంచి తినేస్తుంది. ఇంజన్ వాల్వులను సమయానికి తెరిపించే టైమింగ్ గేరు, చైను ఎప్పుడైనా మార్చారా అన్నది మూడవది. వీటిలో మొదట వచ్చిన గేర్లకు నైలాన్ పళ్లుండేవి. అరవై ఏళ్లకు అవి ఎండి, పెళుసుబారి, రాలి, ఆయిల్ పంపు జాలిలో చేరి ఇంజన్‌కే ముప్పు తెస్తాయి. ఇవి అడిగాక, మరుసటి రోజు ఇంజన్ వేడి చేయకుండా ఉంచమని చెప్పి వెళ్లాలి.

మూడవ అడుగు: అంకెలు సరిచూడడం

పదిహేడు అక్షరాల గుర్తింపు సంఖ్య 1981 నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అందువల్ల కొత్త కార్లకు తీసినట్టుగా కంప్యూటరులో చరిత్ర నివేదిక తీసి నిశ్చింతగా ఉండడం ఈ కారు విషయంలో కుదరదు, పలకమీది అంకెలను స్వయంగా చదువుకోవాలి. డ్రైవర్ తలుపు తెరిస్తే బిజాగరీల స్తంభంమీద సంఖ్య పలక ఉంటుంది. 1963 కారు సంఖ్య 7జె1తోనూ, 1964 కారు సంఖ్య 7కె1తోనూ మొదలవుతాయి. మొదటి అంకె రివియెరాను, అక్షరం సంవత్సరాన్ని, తరువాతి అంకె మిషిగన్‌లోని ఫ్లింట్ కర్మాగారాన్ని సూచిస్తాయి. 1965లో పద్ధతి మారి, సంఖ్య 494475హెచ్‌తో మొదలవుతుంది. పలకమీది సంఖ్య, టైటిల్‌లోని సంఖ్య అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఒక్క అంకె తేడా ఉన్నా, ‘ఆఫీసులో టైపింగు పొరపాటు’ అన్న సమాధానం విన్నా, ఆ పొరపాటును అమ్మేవారే సరిచేయించి తెచ్చేదాకా ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు.

డ్యాష్‌బోర్డు వెనుక, ఇంజన్ గది గోడమీద, జనరల్ మోటార్స్‌కు బాడీలు తయారుచేసిన ఫిషర్ బాడీ విభాగపు పలక ఒకటి ఉంటుంది. దానిమీద బాడీ శైలి సంఖ్యతో పాటు అసలు రంగు, లోపలి సీటు గుడ్డ సంకేతాలు ఉంటాయి. ప్రస్తుత రంగు దానితో కలవకపోవడం నేరమేమీ కాదు గాని, ధర మాట్లాడేటప్పుడు అది పనికివచ్చే అంశం.

ఇంజన్ విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. గాలి వడపోత డబ్బామీద ‘వైల్డ్‌క్యాట్ 445’ అనో ‘వైల్డ్‌క్యాట్ 465’ అనో ఉన్న ముద్రను చూసి అది ఇంజన్ పరిమాణమనుకుంటారు. నిజానికి అది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, సంఖ్య. 445 అని ఉంటే 401 ఇంజన్, 465 అని ఉంటే 425 ఇంజన్. పైగా ఆ డబ్బాను ఎవరైనా నిమిషంలో మార్చవచ్చు కనుక, బ్లాకు ముందుభాగంలో కొట్టిన రెండక్షరాల సంకేతాన్నే నమ్మాలి. 1963లో 401కి జెటి, 425కు జెడబ్ల్యు. 1964లో మామూలు 425కు కెడబ్ల్యు, రెండు కార్బురేటర్లదానికి కెఎక్స్. 1965లో 401కి ఎల్‌టి, ఒక కార్బురేటరు 425కు ఎల్‌డబ్ల్యు, రెండు కార్బురేటర్లదానికి ఎల్‌ఎక్స్. గ్రాన్ స్పోర్ట్ అని చెప్పి ఎక్కువ ధర అడుగుతున్న కారులో ఎల్‌ఎక్స్ సంకేతం లేకపోతే ఆ మాట నిలవదు, ఎందుకంటే కారు గుర్తింపు సంఖ్యలో గ్రాన్ స్పోర్ట్‌ను వేరుచేసే అంకె ఏదీ లేదు, బ్యాడ్జీలు బజారులో దొరుకుతాయి.

నాలుగవ అడుగు: రేకు, ఛాసిస్

పరీక్షకు కేటాయించిన సమయంలో సగం ఇక్కడే గడపాలి. ఒక మెత్తటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, మంచి టార్చిలైటు, నేలమీద పరుచుకోవడానికి పాత దుప్పటి, వెళ్లేటప్పుడు ఇవి వెంట ఉండాలి. లప్పం పెట్టిన చోట అయస్కాంతం అంటుకోదు. వెనుక చక్రాల వెనుకనున్న రేకు అడుగుభాగం, ముందరి మడ్‌గార్డుల వెనుక అంచు, తలుపుల కింది అంచు, తలుపుల కింద పొడవునా ఉండే గుమ్మాల దిగువభాగం, ఈ నాలుగు చోట్లా అయస్కాంతాన్ని నెమ్మదిగా జరపాలి. పైన పటారం లోన లొటారం అన్న సామెతకు ఇంతకన్నా మంచి నిదర్శనం వెతకనక్కరలేదు. నేను మొదటిసారి చూడడానికి వెళ్లిన కారు అద్దంలా మెరిసే నల్లరంగులో ఉండేది. దాని వెనుక మూలలో అయస్కాంతం జానెడు మేర ఎక్కడా నిలవలేదు.

తరువాత డిక్కీ తెరిచి, చాప ఎత్తి, స్టెప్నీ కింది భాగాన్ని చూడాలి. వెనుక అద్దం చుట్టూ ఉన్న సీలు పాతబడితే వాననీరు లోపలికి దిగి డిక్కీ అడుగున నిలుస్తుంది. డిక్కీలో తుప్పు కనిపిస్తే దాని మూలం వెనుక అద్దం దిగువ అంచులో ఉండే అవకాశం ఎక్కువ కనుక, అడుగు రేకు మార్చినంతమాత్రాన పని పూర్తి కాదు. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలి ఉంటుంది. దానిలో ఏళ్ల తరబడి ఆకులు చేరి కుళ్లితే ఆ తడి డ్రైవరు కాళ్ల కింది రేకుకు చేరుతుంది. కార్పెట్ మూల కొంచెం ఎత్తి చేత్తో తడిమితే తడి తెలుస్తుంది. అమ్మేవారు కార్పెట్ ఎత్తనివ్వకపోతే అదే సమాధానమనుకోవచ్చు.

ఈ కారు ఛాసిస్ ఎక్స్ ఆకారంలో ఉంటుంది. మామూలు ఛాసిస్‌లకు అటూఇటూ పొడవునా సాగే దూలాలు దీనికి లేవు, మధ్యలో అన్నీ ఒక సన్నని నడుములా కలుస్తాయి. కారు ఇంత తక్కువ ఎత్తులో ఉండి కూడా లోపల కాళ్లకు చోటు ఉండడానికి అదే కారణం. అయితే దీనివల్ల రెండు జాగ్రత్తలు పుడతాయి. పక్కనుంచి ఢీకొంటే కాపాడే ఇనుము తక్కువ, కనుక పాత ప్రమాదాల ఆనవాళ్లు, అంటే వంకర అతుకులు, తలుపుల చుట్టూ సమానంగా లేని సందులు, శ్రద్ధగా వెతకాలి. గుమ్మాల కింద జాకీ పెట్టి ఎత్తడం కూడా ప్రమాదకరం, కారును ఎత్తవలసివస్తే ఛాసిస్ తెలిసిన మెకానిక్ చేతనే ఎత్తించాలి. ఎత్తినప్పుడు నడుము భాగంలోనూ, వెనుక చక్రాల పైన ఛాసిస్ వంపు తిరిగే చోటా స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడాలి. పొడిచినప్పుడు గట్టిగా ఖంగుమనాలి, పొరలుగా రాలకూడదు. బాడీ, ఛాసిస్ కలిసే చోట్ల రబ్బరు దిమ్మెలు చితికిపోయి ఉంటే మార్చవచ్చు. వాటిని పట్టుకున్న రేకే తినేసి ఉంటే మాత్రం ఆ కారును వదిలివేయడం మంచిది.

తలుపుల బరువుకు బిజాగరీలు అరుగుతాయి. తలుపు సగం తెరిచి అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఆడితే బిజాగరీ పిన్నులు మార్చాలి, అది పెద్ద ఖర్చు కాదు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఈ తలుపులకు లోపలివైపు రెండేసి పిడులుంటాయి, వెనుక సీటులోనివారు ముందున్నవారిని ఇబ్బంది పెట్టకుండా తామే తెరుచుకోవడానికి. నాలుగు పిడులూ పనిచేస్తున్నాయో లేదో చూడండి.

ఐదవ అడుగు: క్రోమ్, లోపలి అలంకరణ, 1965 లైట్లు

క్రోమ్ పూసిన భాగాలన్నీ ఒక రకం కావు. ఉక్కు బంపర్‌ను మళ్లీ పూత పూయించవచ్చు. స్టెయిన్‌లెస్ పట్టీల సొట్టలు తీసి మెరుగుపెట్టవచ్చు. జింకు పోతపోసిన చిన్న భాగాలలో, అంటే లైట్ల చుట్టుపట్టీలు, బ్యాడ్జీలు వంటివాటిలో, గుంటలు పడితే మాత్రం ఒక్కొక్క గుంటనూ తొలిచి, నింపి, ఆపైన పూత వేయాలి. ఆ పని చేసేవారు తక్కువ, చేసినవారు గట్టిగా తీసుకుంటారు. కొత్త భాగాల కోసం వెతికితే కొనబోతే కొరివి అన్నట్టుంటుంది. లేని భాగాల జాబితాను అక్కడికక్కడే రాసుకుని, రాత్రికి వాటి ధరలు వెతికిన తరువాతే బేరమాడాలి.

1965 కారైతే లైటు స్విచ్ నొక్కి, ఆల్చిప్ప తలుపులు రెండువైపులా పూర్తిగా తెరుచుకుని, ఆపివేసినప్పుడు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో కనీసం ఐదారుసార్లు చూడాలి. ఎప్పుడూ తెరిచే ఉంచిన కారును చూస్తే, మూసుకోవడం లేదని అర్థం.

ఏసీ ఉన్న కారులో అది చల్లబడకపోతే ఆశ్చర్యపోనక్కరలేదు. దానికి వాడిన ఆర్-12 వాయువు తయారీ అమెరికాలో 1995తో ముగిసింది. వ్యవస్థను ఆర్-134ఏకు మార్పించే ఖర్చును ధరలో తగ్గించమని అడగవచ్చు.

ఆరవ అడుగు: ఇంజన్, నడక

ఇప్పుడు బానెట్ ఎత్తవచ్చు. ముందు చేయి పెట్టి ఇంజన్ చల్లగా ఉన్నదో లేదో చూడాలి. వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పటి ఇబ్బందిని దాచడానికి ముందే స్టార్ట్ చేశారని అనుమానించాలి. ఈ ఇంజన్‌కు నెయిల్‌హెడ్ అన్న ముద్దుపేరు నిటారుగా నిలబడిన చిన్న వాల్వులవల్ల వచ్చింది. అవి మేకుల్లా కనిపిస్తాయి. చిన్న వాల్వులవల్ల ఎక్కువ వేగంలో ఊపిరి తక్కువైనా, తక్కువ వేగంలో బలం పుష్కలంగా వస్తుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ కాగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగితే వాల్వు గైడ్లు అరిగాయని, ఆగకుండా వస్తుంటే పిస్టన్ రింగులు పోయాయని భావించవచ్చు. తీయటి వాసనతో తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి దిగుతున్నదని అర్థం. ఎగ్జాస్ట్ మానిఫోల్డు పగిలితే టిక్కుటిక్కుమన్న చప్పుడు చల్లగా ఉన్నప్పుడు వినిపించి, వేడెక్కాక తగ్గుతుంది.

కారును నిలబెట్టే ఇరవై నిమిషాలు నడవనివ్వాలి. పాత బ్లాకుల్లో నీటిదారులకు అడుగున మడ్డి పేరుకుంటుంది. రేడియేటర్ కొత్తదైనా ఆ మడ్డివల్ల ట్రాఫిక్‌లో వేడెక్కే కార్లు ఉన్నాయి. ఈ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి 10.25 కనుక ప్రీమియం పెట్రోలు తప్పదని కూడా గుర్తుంచుకోవాలి.

తరువాత నడపాలి. మొదట బ్రేకులు చూడండి. ముందు చక్రాలకు పన్నెండు అంగుళాల అల్యూమినియం డ్రమ్ములు, వేడి పోవడానికి రెక్కలతో, లోపల ఇనుప పట్టీతో ఉంటాయి. ఆ రోజులకు చాలా మంచి బ్రేకులవి. అయితే బ్రేకు నూనెను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ ఒక్క గదిదే. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. రెండు గదుల సిలిండర్ పెట్టించిన కారైతే నేను దానిని లోపంగా కాక లాభంగానే లెక్కిస్తాను. హైవే వేగంలో సీటు కింద వణుకు వస్తే, గేర్‌బాక్సునుంచి వెనుక చక్రాలకు శక్తిని చేరవేస్తూ ఎక్స్ ఛాసిస్ నడుము గుండా వెళ్లే రెండు ముక్కల ప్రొపెల్లర్ షాఫ్టు మధ్య బేరింగును అనుమానించాలి. 1964, 65 కార్లలో గేర్లు రెండుసార్లు మారడం స్పష్టంగా తెలియాలి. 1963 కారులో వేడెక్కాక కూడా రివర్సులో కదలడానికి ఆలస్యమైతే గేర్‌బాక్సు పని ఉన్నట్టే.

ఏడవ అడుగు: ధర, పత్రాలు

రాసుకున్న లోపాలను మూడు వరుసలుగా విడదీయండి: భద్రతకు సంబంధించినవి, రేకు, క్రోమ్. మొదటి వరుస ఖర్చును అమ్మేవారు సాధారణంగా ఒప్పుకుంటారు. మిగిలిన రెండింటి దగ్గరే అసలు బేరం జరుగుతుంది. ప్రకటనలో ‘నంబర్ 2 కండిషన్’ అని రాసి ఉంటే, ధరల పుస్తకాలలో ఆ సంఖ్యకు చాలా బాగున్న కారని అర్థం. ఒకటి పోటీ ప్రదర్శనలకు నిలిచే కారు, మూడు తిరగడానికి బాగున్న కారు, నాలుగు లోపాలు కనిపించే కారు. నేను చూసిన ‘రెండు’లలో చాలావరకు నిజానికి మూడులే.

డబ్బు ఇచ్చేచోటు బ్యాంకైతే ఉత్తమం. బ్యాంకే తన పేరుమీద ఇచ్చే క్యాషియర్స్ చెక్కు, సంతకమైన టైటిల్, గుర్తింపు సంఖ్యతో రాసిన అమ్మకపు పత్రం ఒకే బల్లమీద చేతులు మారాలి. టైటిల్‌లో ఓడోమీటరు దగ్గర ‘ఎగ్జెంప్ట్’ (మినహాయింపు) అని ఉంటే అది మామూలే. ఐదంకెల మీటరు లక్ష మైళ్లకు మళ్లీ సున్నాకు వస్తుంది కనుక, అందులోని అంకెను ఎవరూ రుజువుగా తీసుకోకూడదు. కాలిఫోర్నియాలో ఉండేవారికి ఒక వెసులుబాటు ఉంది. 1975 వరకు తయారైన కార్లకు అక్కడ పొగ పరీక్ష అవసరం లేదు. బీమా తీసుకునేటప్పుడు మామూలు కారు పాలసీ కాక, ముందే ఒప్పుకున్న విలువను చెల్లించే పాత కార్ల పాలసీని కారు బయలుదేరకముందే తీసుకోవాలి. దూరప్రాంతంనుంచి తెప్పించేటప్పుడు మూసిన ట్రైలరుకు అయ్యే అదనపు ఖర్చు, ముఖ్యంగా చలికాలంలో ఉప్పు చల్లిన రోడ్లమీదుగా రావలసి ఉంటే, దండగ కాదు.

ఎనిమిదవ అడుగు: ఇంటికి చేరిన మొదటి వారం

ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి కారుతాయి కనుక ట్యాంకునుంచి కార్బురేటరు దాకా గొట్టాలన్నీ మార్పించాలి. బ్రేకు రబ్బరు గొట్టాలు చూడడానికి బాగున్నా మార్చవలసినవే. ఇంజన్ ఆయిల్‌లో జింకు పాలు ఎక్కువ ఉన్న రకాన్ని ఎంచుకోవాలి, లేకపోతే క్యామ్‌షాఫ్టు అరుగుతుంది. రివియెరా యజమానుల సంఘంలో సభ్యత్వం తీసుకుంటే విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలిసినవారి పరిచయం కలుగుతుంది. చివరిగా టైర్ల పక్కభాగంమీద డాట్ అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలోని చివరి నాలుగంకెలు చదవండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పాత కార్లు తిరిగేది తక్కువ కనుక గాడులు కొత్తవిగానే ఉంటాయి, రబ్బరు మాత్రం ఎండిపోయి ఉంటుంది. పదేళ్లు దాటిన టైర్లతో ఈ 1,800 కిలోల కారును వీధి చివర దాటించకండి.